సగం పూట నీళ్లు

ఆ పొద్దున నాంపల్లి మీద ఆకాశం నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది. వాన అనడానికి లేదు. స్టేషను వైపు నుంచి ఒక మబ్బు వచ్చింది. రోడ్డు మీద దుమ్ము అణిగీ అణగకముందే కోఠి వైపు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆకాశం ఉతికి ఆరేసిన పాత పంచెలా తెల్లగా మిగిలింది.

మొగులయ్య కూతురింటి గుమ్మంలో నిలబడి చూశాడు. చినుకు పడ్డ చోట తారు ఒక్క క్షణం నల్లబడి మళ్లీ బూడిదరంగుకు తిరిగింది. ఎవరికీ అక్కరలేని చోట పడింది వాన.

జేబులోంచి ఫోను తీసి మళ్లీ చేశాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు.

"నిన్నటి సంది ఎత్తుతలేదు మీ అమ్మ," అన్నాడు లోపలికి తిరిగి.

అలేఖ్య వంటింట్లోంచే జవాబిచ్చింది. "బస్సుల ఉన్నది నాయినా. గౌలిగూడల దిగినంక ఫోన్ చేస్తనన్నది. నేను పోయి తీసుకొస్త."

"బస్సుల ఉన్నదా? ఇక్కడికెందుకు? ఎవరు రమ్మన్నరు?"

"తనే వస్తనన్నది."

"బడిల వంట ఎవరు చేస్తరు మరి?"

పోపులో ఆవాలు చిటపటలాడి ఆగిపోయాయి.

అలేఖ్య అత్తగారు వసుమతి కాఫీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "రానీయండి అన్నయ్యగారూ. వచ్చినప్పటి నుంచి మీరు ఆ గుమ్మం వదలలేదు. వసుమతి గారింటికి కాపలా మనిషి కుదిరాడని ఎదురింటావిడ అడిగింది. జీతమెంత అని కూడా అడిగింది."

ఇంకోనాడైతే మొగులయ్య నవ్వేవాడు. ఈ వియ్యపురాలి మాటలు ఆయనకు ఇష్టం. ఆమె మామగారు అప్పుడెప్పుడో రాజధానితో పాటు కర్నూలు నుంచి మూటాముల్లె సర్దుకొచ్చిన గుమాస్తా. అప్పటి నుంచి ఈ సందులోనే ఉన్నారు. ఇన్నేళ్లు హైదరాబాదులో ఉన్నా ఆమె మాటలో పుట్టింటి కోస్తా యాస అలాగే ఉంది, నోటి దురుసూ అలాగే ఉంది.

కానీ బోరుకు సీలు పడిన నాటి నుంచి ఆయనకు నవ్వు రావడం లేదు. మూడెకరాల వరి పొట్ట మీద ఉంది. ఈ వారంలో తడి అందకపోతే కంకి బయటికి రాదు. వచ్చినా తాలే.

సర్కారు ఈ ఎండాకాలం వాళ్ల మండలంలో ఆంక్ష పెట్టింది. భూమిలో నీళ్లు పడిపోయాయి గనుక ప్రతి బోరూ పొద్దటి పూట పొలానికి, మధ్యాహ్నం నుంచి ఊరి ట్యాంకుకు నడవాలి. కొత్తగా బోరు వేయడానికి లేదు. మొగులయ్య సరేనన్నాడు. అందరితో పాటు తలాడించాడు. నాలుగు రోజులు పోయాక ఊరి ట్యాంకులో సన్నటి ధార తప్ప పడలేదు. బోరు అడుగంటింది, నేనేం చేయను అన్నాడు. ఊరంతా నమ్మింది.

పోయిన వారం అధికారులు వచ్చి గట్టు కింద తవ్వారు. ట్యాంకుకు పోయే పైపుకు మట్టిలో ఇంకో పైపు తగిలించి ఉంది. దానికొక వాల్వు. వాల్వు మీద బండరాయి, రాయి మీద గడ్డి. ఆ పైపు నేరుగా వరిమడిలోకి పోతోంది. అప్పుడే బోరుకు సీలు వేశారు.

దాని మీద అర్జీ పెట్టుకుంటే జిల్లాలో కాదన్నారు. ఆఖరి విచారణ ఇవాళ, నాంపల్లి ఆఫీసులో. అల్లుడు శశికిరణ్ పని చేసేది ఆ ఆఫీసులోనే.

శశికిరణ్ చొక్కా వేసుకుంటూ ముందు గదిలోకి వచ్చాడు. మొగులయ్య అతనికి ఎదురు పోయాడు.

"అల్లుడా, ఒక్క మాట. మీ మేడంకు మా మామ అని చెప్పు. ఇంకేం చెప్పకు. గంతే చాలు."

"ఆ మాట చెప్పకూడదనే నేను ఆ ఫైలు ముట్టుకోలేదు మామయ్యా."

"ముట్టుకుంటె ఏమైతది? షాక్ కొడ్తదా?"

"కొడుతుంది."

"సరే తీ. అల్లుడు నీళ్ల ఆఫీసుల ఇంజనీరు, మొగులయ్యకేం ఫికర్ అని ఊర్ల అనుకుంటున్నరు. వాళ్లకేమెరుక, నా అల్లునికి నాతోని నడిచేటందుకే సిగ్గని."

"సిగ్గని ఎవరన్నారు? మీతోనే వస్తున్నాను కదా. గదిలోకి మాత్రం రాను."

"గది బయట నాకు నువ్వెందుకు? గది బయట కుర్చీ గూడ ఉంటది."

"నాయినా!" అంది అలేఖ్య.

ఆయన ఆగలేదు. ఆయన కోపం అల్లుడి మీద కాదు. "గా సదాశివగాడు. నా గట్టు పక్కన వాని బత్తాయి తోట. వానికి తప్ప ఆ రాయి ఇంకెవ్వనికి కనపడది. పోయి చెప్పిండు. బావా బావా అనుకుంట నా ఇంట్ల బువ్వ తిన్నోడు."

"సదాశివ మామ అట్ల చెయ్యడు."

"నువ్వు ఊరిడిసి ఎన్నేండ్లాయె బిడ్డా, నీకేమెరుక. కానీ పైన దేవుడున్నడు. వాని దొంగ బోరుకు గూడ సీలు పడ్డది. తోట ఎండుతది. ఎండనీ."

శశికిరణ్ గుండీ పెట్టుకుంటూ ఆగాడు. ఏదో అనబోయి భార్య వైపు చూసి ఊరుకున్నాడు. కింది గుండీ పై కాజాలో పడింది. అది చూసుకోకుండానే చెప్పులు వేసుకున్నాడు.

*

ఆఫీసు వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. కండువా వేసుకున్న వాళ్లు, చేతిలో ప్లాస్టిక్ సంచీ పట్టుకున్న వాళ్లు. ఎవరూ పక్కవారితో మాట్లాడటం లేదు. ప్రతివాడి మొహం లోపలి తలుపు వైపే ఉంది.

పిలుపు వచ్చింది. శశికిరణ్ అన్నట్టే బయట ఉండిపోయాడు.

లోపల చల్లగా ఉంది. పొడవాటి బల్ల వెనక అధికారిణి జానకి కూర్చుంది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. బల్ల మీద మూత తీయని నీళ్ల సీసాలు వరసగా ఉన్నాయి. మొగులయ్య వాటినే చూశాడు.

"కూర్చోండి మొగులయ్య గారూ."

"నిలబడే చెప్త మేడం."

"ఆ పైపు మీదేనా?"

"నా పొలంల ఉన్నది."

"మీరు వేసిందేనా అని అడుగుతున్నాను."

ఆయన ఊరి నుంచి తయారు చేసుకొని వచ్చిన జవాబు వేరే ఉంది. పాత పైపు, మా నాయిన కాలం నాటిది, అని. ఆ గదిలో అది నోట్లోంచి రాలేదు.

"వరి పొట్ట మీద ఉన్నది మేడం. కడుపుతో ఉన్నదాన్ని పస్తు పెట్టినట్టయితది. నాకు చాతకాలేదు."

"ఊళ్లో మనుషులు కూడా ఉన్నారు కదా."

"మనుషులకు ట్యాంకర్ అన్న వస్తది. వరికి ట్యాంకర్ ఎవడు తెస్తడు?"

పక్కన గుమాస్తా నవ్వబోయి ఆపుకున్నాడు. జానకి నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కిటికీ బయట ఎవరో ఆటో అతనితో బేరం ఆడుతున్నారు.

"చూడండి. చేసింది తప్పు. ఒప్పుకున్నారు, ఇది మొదటిసారి. రేపటి నుంచి పొద్దటి పూట నీళ్లు మీ పొలానికి వదులుతారు. మధ్యాహ్నం నుంచి ఊరికి. ఆ పక్క పైపు మళ్లీ కనిపిస్తే బోరు పూర్తిగా ఊరిదైపోతుంది. అర్థమైందా?"

మొగులయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. పొద్దటి పూట చాలు. సగం పూట చాలు. వరి బతుకుతుంది.

అక్కడితో బయటికి వచ్చేస్తే సరిపోయేది. ఆయన తలుపు దాకా వచ్చాడు కూడా. మళ్లీ వెనక్కి తిరిగాడు.

"ఒక్క ముచ్చట మేడం. ఆ సదాశివ నా మీద ఏమేం చెప్పిండో గాని అవన్నీ నమ్మకుండ్రి. వానికి నేనంటె కడుపుమంట."

"సదాశివ ఎవరు?" అంది జానకి.

"పక్క పొలం ఆయన మేడం," అన్నాడు గుమాస్తా.

"ఆయనా? ఆయన మీ మీద ఏమీ చెప్పలేదే. మా వాళ్లు రెండుసార్లు అడిగారు. నాకు తెలియదు, మొగులయ్య అట్లాంటి మనిషి కాదు అన్నాడట."

మొగులయ్య తలుపు రెక్క పట్టుకున్నాడు. "మరి చెప్పింది ఎవరు?"

జానకి కొంచెం తటపటాయించింది. "ఎవరూ చెప్పలేదు. చూపించారు. ఆమె తన పేరు దాచమని కూడా అడగలేదు కాబట్టి చెబుతున్నాను. మీ ఇంటావిడ."

మొగులయ్య నవ్వాడు. ఇన్ని రోజులుగా రాని నవ్వు అప్పుడు వచ్చింది.

"మా ఇంటామె గాదు మేడం. వేరే ఎవరో అయ్యుంటది."

"అనసూయ గారు. బడిలో వంట చేసే ఆవిడ. బడి ట్యాంకు ఎందుకు ఖాళీ అయిందని చూడటానికి మా ఇంజనీరు వెళ్తే, ఆమే ఆయన్ని పట్టపగలు గట్టు మీద నడిపించుకొచ్చింది. ఆ రాయి ఆమే జరిపిందట."

గదిలో చల్లగాలి వదిలే మిషను ఒకటే శబ్దం చేస్తోంది. మొగులయ్యకు అది తన చెవుల్లోంచే వస్తున్నట్టు అనిపించింది.

"ఆనాడు ఆమె ఏ చీర కట్టుకున్నది?" అని అడిగాడు.

జానకి, గుమాస్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేను చూడలేదండీ," అంది ఆమె నెమ్మదిగా.

*

శశికిరణ్ ఆయన్ని ఇంటికి తీసుకుపోలేదు. స్టేషను రోడ్డు పట్టుకొని అబిడ్స్ వైపు నడిపించాడు. మొగులయ్య ఎటు అని అడగలేదు. ఫుట్‌పాత్ మీద చొక్కాలు, చెప్పులు, ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఒకడు ఆయన భుజం మీద తువ్వాలు వేసి చూపించబోయాడు. ఆయన ఆగి నిలబడ్డాడు, అది తనకే వేశారని తెలియనట్టు. శశికిరణ్ ఆ తువ్వాలు తీసి వెనక్కి ఇచ్చాడు.

ఇరానీ హోటల్లో మూల బల్ల దొరికింది. రెండు చాయ్‌లు వచ్చాయి.

"నీకెరుకనా?" అన్నాడు మొగులయ్య.

"తెలుసు మామయ్యా."

"ఎప్పటి సంది?"

"చూపించక ముందు నుంచి. అత్తయ్య నాకు ఫోన్ చేశారు. ఇంటి గుట్టు బయట పెడితే తప్పా బాబూ అని అడిగారు."

"నువ్వేమన్నవు?"

"ఏమీ అనలేకపోయాను. బడిలో పిల్లలు తిన్నారా అని అడిగాను. లేదన్నారు. ఫోన్ పెట్టేశారు."

మొగులయ్య చాయ్ కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టాడు. తాగలేదు. "ముప్పై ఏండ్లు ఒక్క కంచంల తిన్నం. నా మీద ఒకరికి చెప్పేటిదైతె నాకు చెప్పాలె గదా ముందు."

"చెప్పలేదా?"

పక్క బల్ల దగ్గర ఒకతను గ్లాసులో మిగిలిన నీళ్లతో సాసరు కడిగి కిందకి పారబోశాడు. మొగులయ్య ఆ తడి గచ్చు మీద ఎంతదాకా పారిందో అక్కడిదాకా చూశాడు.

"నా బిడ్డకు ఎరుకనా?"

"లేదు. ఇద్దరి సంగతీ నా దగ్గరే ఉంది."

"ఇద్దరేంది?"

"అత్తయ్యది ఒకటి. మీది ఒకటి."

మొగులయ్య తలెత్తాడు. శశికిరణ్ గొంతు తగ్గించాడు. పైకి ఎక్కిన గుండీ ఇంకా అలాగే ఉంది, కాలరు ఒక పక్కకు లేచి ఉంది.

"దొంగ బోర్ల మీద ఫోన్ చేసి చెప్పే వాళ్ల పేరు మేము అడగం మామయ్యా. ఎవరైనా చేయొచ్చు. మా ఆఫీసులో వంతుల వారీగా ఆ ఫోను దగ్గర కూర్చుంటాం. మీరు చేసిన రోజు అక్కడ కూర్చున్నది నేనే."

హోటల్లో చాలామంది మాట్లాడుతున్నారు. మొగులయ్యకు ఒక్క మాట వినపడలేదు.

"తోట మూలకు, రేకుల షెడ్డు కింద బోరున్నది, పోయినేడు పర్మిషన్ లేకుంట దొంగతనంగ ఏసిండు, అన్నారు మీరు. గొంతు కొంచెం మార్చారు. అయినా తెలిసింది."

"నువ్వు పలుకకపోతివి."

"నేను పలికితే మీరు పెట్టేసేవాళ్లు. నేను నా పని చేశాను. రాసి పంపాను. వాళ్లు వెళ్లి సీలు వేశారు."

"వాడే నా మీద చెప్పిండనుకున్న." మొగులయ్య చెయ్యి బల్ల మీద ఏదో వెతికినట్టు కదిలింది. "వాడే అనుకున్న. బజార్ల నిలబెట్టి తిట్టిన. వాడు తల వంచుకొని పోయిండు. తప్పు చేసినోడు గనుకనే పోయిండనుకున్న. వాడు మీ వాళ్లకు ఏమన్నడట? మొగులయ్య గట్లాంటోడు కాదన్నడట."

మొగులయ్య కుర్చీ జరిపి లేవబోయాడు.

"వాపసు తీసుకుంట. అబద్ధం చెప్పిన అని మీ మేడంకు చెప్త, పద."

"బోరు అబద్ధం కాదు కదా మామయ్యా. షెడ్డు కిందే ఉంది."

"మరి చెట్లు? వరి పోతె ఒక పంట పోతది. బత్తాయి పోతె మళ్ల పెట్టి కాయలు తెంపేవరకు వాడు ముసలోడయితడు. ఇప్పుడు పిందె మీదున్నయి."

"ఒక్క వెసులుబాటు ఉంది. పక్క బోరు వాళ్లు ఒప్పుకుంటే తమ పొద్దటి నీళ్లు చెట్లకు ఇవ్వొచ్చు. రాతపూర్వకంగా ఒప్పుకుంటే మేము కాదనం. చెట్లను బతికించుకోవడానికి మాత్రమే."

"పక్క బోరంటె..."

"మీదే."

"మరి నా వరి?"

"సగం పూట నీళ్లు రెంటికీ చాలవు."

చాయ్ మీద మీగడ కట్టింది. మొగులయ్య దాన్ని చూస్తూ కూర్చున్నాడు. బయట అబిడ్స్ సెంటర్లో బస్సులు హారన్లు కొడుతున్నాయి. పచ్చటి వరిమడి ఆయన కళ్ల ముందుకు వచ్చింది. దాని గట్టు అవతల చెట్లు కూడా వచ్చాయి. ఇన్నాళ్లూ ఆయన గట్టు ఇవతలి వరకే చూశాడు.

*

ఇంటి ముందు మెట్ల మీద ఒక చెప్పుల జత ఉంది. టైరు ముక్కతో అడుగు వేసిన తోలు చెప్పులు. ఎడమ దాని వారు ఇనుప తీగతో కట్టి ఉంది. మొగులయ్యకు ఆ చెప్పులు తెలుసు. గట్టు మీద ఆ అడుగు పడితే ఎవరిదో చెప్పగలడు.

ఆయన కాలు మెట్టు మీదే ఆగిపోయింది.

"బావా!" సదాశివ ముందు గదిలోంచి లేచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడ చుట్టూ కండువా. "ఏమాయె? అయిందా?"

"పొద్దటి పూట ఇచ్చిన్రు," అన్నాడు మొగులయ్య.

"మంచిదాయె! అక్కకు బస్సుల చెప్తనే ఉన్న, బావ వరి యాడికి పోదు అని. అక్క నేను ఒక్క బస్సే ఎక్కినం. నాది రెండింటికి ఉన్నది అదే ఆఫీసుల. బిడ్డ బస్టాండుకు వచ్చి, బువ్వ తిని పో మామా అని గుంజుకొచ్చింది."

అలేఖ్య వెనక నిలబడి తండ్రి మొహం చూస్తోంది. ఆమె ఇద్దరికీ రాజీ కుదుర్చుదామనే అతన్ని తీసుకొచ్చింది. ఆ ఆశ ఆమె మొహంలో దాగలేదు.

"ఒకే ఊరి నుంచి ఒకే ఆఫీసుకు ఇద్దరు వచ్చారు," అంది వసుమతి. "ఈసారి బస్సు మాట్లాడుకుంటే మేము కూడా వస్తాం, సీళ్లు చూడటానికి."

సదాశివ గట్టిగా నవ్వాడు. "నాది దొంగ బోరాయె వదినా. అయ్యేది లేదని ఎరుకే. అడిగి చూస్త. అడిగితే పోయేదేమున్నది." తర్వాత మొగులయ్య వైపు తిరిగాడు. నవ్వు కొంచెం తగ్గింది. "బావా, మొన్న నువ్వు నన్ను బజార్ల తిట్టినవు జూడు. నాకు కోపం రాలే. పొట్ట మీదున్న వరి ఎండుతుంటె ఎవనికైనా నోరు లేస్తది. కానీ నా మీద ఎవడు చెప్పిండో అని ఒక్కటే ఆలోచన. ఒకనాడు నా మనసు నీ మీదికి గూడ పోయింది."

సదాశివ కండువా కొసతో మెడ తుడుచుకున్నాడు.

"తూ అని ఉమ్మేసిన. గంత పని బావ చేస్తడా అని."

శశికిరణ్ చొక్కా మార్చుకుంటానని లోపలికి వెళ్లిపోయాడు.

మొగులయ్య నడవా దాటి వెనక దొడ్లోకి వచ్చాడు. అనసూయ కుళాయి గట్టు దగ్గర గొంతుక్కూర్చొని బియ్యం కడుగుతోంది. వియ్యపురాలి ఇంట్లో కూడా ఆమెకు పని లేకుండా కూర్చోవడం రాదు. ఆయన అడుగు విని తల తిప్పింది. మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టింది.

"నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

"నాకు చెప్పకుంటనా?"

"చెప్పిన. పొద్దుమీకి ఇంటికొస్తె నీ కాళ్లకు తడి బురద. నీళ్లు ఊరికి పోయే యాళ్లల పొలంల బురద యాడిదయ్యా అని అడిగిన. నీకేమెరుక, బువ్వ పెట్టు అన్నవు. మల్లొక్కసారి అడిగిన. లేసి పోయినవు."

"అడిగినవు గాని గిట్ల చేస్తనని చెప్పలేదు."

"బడిల ట్యాంకు ఎండింది. పప్పు కడిగే నీళ్లు లెవ్వు. పొయ్యి ముట్టియ్యలే. పిల్లలు పళ్లాలు పట్టుకొని వరసల నిలబడ్డరు. ఇయ్యాల లేదు, ఇంటికి పొండ్రి అని నేనే చెప్పిన. ఒక పోరి కదలలే. పళ్లెం నాకు చూపిచ్చుకుంట నిలబడ్డది. నా మొగడు మీ నీళ్లు మలుపుకున్నడు అని దానికి చెప్పాల్నా?"

"మన వరి, అనసూయా."

"మన వరే. నాకు లేదా బాధ? నాట్లేసిన నడుం నాది."

ఆయన గోడకు ఆనుకున్నాడు. ఇంత దూరం మోసుకొచ్చిన కోపం నోటిదాకా వచ్చింది. మాట కాలేదు.

అనసూయ మొదటి కడుగు నీళ్లు వంపింది. "నిన్ను నేను పట్టపగలు పట్టిచ్చిన. మొకం దాచుకోలే. ఏమన్న అనేది ఉంటె అను, పడ్త. అందుకే వచ్చిన. కానీ ఆ తమ్మునికి అన్యాలం అయింది. ఎవడో చాటుకు ఫోన్ల చెప్పిండట. మొకం చూపియ్యనోడు. బస్సుల నాకు చెట్ల సంగతి చెప్పుకుంట వచ్చిండు, ఏడ్వలేక నవ్వుకుంట. చెప్పినోని నోరు పడిపోను."

ఆమె రెండో కడుగు నీళ్లు పోసింది. కలిపింది. వంపబోయి, ఆయన ఇంకా ఏమీ అనలేదని గుర్తొచ్చినట్టు తలెత్తింది.

ఆయన ఆమెను చూడటం లేదు. తన కాళ్ల దగ్గర గచ్చును చూస్తున్నాడు. కింది పెదవి పళ్ల మధ్య ఉంది. ముప్పై ఏళ్లలో ఆ మొహం ఆమె ఒకటి రెండుసార్లే చూసింది.

గిన్నె ఒరిగింది. బియ్యం కొన్ని నీళ్లతో పాటు గచ్చు మీద పడ్డాయి.

"నువ్వా?" అంది. గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది.

ఆయన తల కొంచెం కదిలింది.

అనసూయ పడ్డ బియ్యం గింజ గింజ ఏరసాగింది. అన్నీ ఏరేదాకా లేవలేదు. లేచాక ఆయన దగ్గరికి వచ్చింది.

"అల్లుడు ఇప్పుడే లోపల అలేఖ్యకు చెప్తుంటె ఇక్కడికి ఇనపడ్డది. నీ పొద్దటి నీళ్లు ఆ చెట్లకు ఇయ్యొచ్చునట."

"ఇస్తె మన వరి పోతది."

"ఇచ్చుడు ఇయ్యకపోవుడు తర్వాత. రెండింటికి ఆ తమ్ముడు ఆఫీసుకు పోతడు. ఆలోపల ఎవడు చెప్పిండో నువ్వు చెప్పు. బువ్వ కాడ చెప్పు. లేకుంటె నేను చెప్త. నాకు అలవాటైంది."

ఆయన ఆమె చేయి పట్టుకోబోయాడు. ఆమె గిన్నె ఎత్తుకొని లోపలికి వెళ్లింది.

*

వసుమతి అందరినీ ఒక్కసారే కూర్చోమంది. బల్ల చాలదని ముందు గదిలో చాపలు పరిచింది. ఒక వరసలో శశికిరణ్, సదాశివ, మొగులయ్య. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్లు. గిన్నెలు మధ్యలో.

అనసూయ ముందు సదాశివకు వడ్డించింది. తర్వాత అల్లుడికి. మొగులయ్య పళ్లెంలో అన్నం పెట్టి, చాలా అని అడగకుండా చెయ్యి తీసేసింది.

వసుమతి ఏదో తమాషా మాట అనబోయింది. కోడలి మొహం చూసింది. కొడుకు మొహం చూసింది. నోరు మూసుకొని పప్పు గిన్నె ముందుకు జరిపింది.

గోడ గడియారం ఒంటిగంట దాటింది. సదాశివ ఆకలి మీద ఉన్నాడు. తలవంచుకొని, మెతుకు కింద పడకుండా తింటున్నాడు. పప్పు అయిపోతే తనే ఇంత వేసుకొని, గరిటె మొగులయ్య పళ్లెం వైపు తిప్పి ఆయనకూ వేశాడు.

మొగులయ్య కలిపిన అన్నం కలుపుతూనే ఉన్నాడు. ఒకసారి తలెత్తాడు. ఎదురుగా అనసూయ తన పళ్లెం ముట్టుకోకుండా ఆయననే చూస్తోంది. ఆయన పెదవులు విడివడ్డాయి. అలేఖ్య ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. శశికిరణ్ కళ్లు మూసుకున్నాడు.

అప్పుడే దొడ్లో నల్లా వచ్చింది. కింద పెట్టిన బకెట్టులో ధార గట్టిగా పడింది. కాసేపటికి బకెట్టు నిండిన చప్పుడు మారింది. నీళ్లు అంచు దాటి గచ్చు మీద పడుతున్నాయి. ఆరుగురూ విన్నారు. ఎవరూ లేవలేదు.

సదాశివ లేచాడు. కుడి చేయి ఎంగిలి. ఎడమ చేత్తో నల్లా కట్టేసి వచ్చి, మళ్లీ మొగులయ్య పక్కనే కూర్చొని చారు పోసుకున్నాడు.

మొగులయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలలేదు.